పద్దెనిమిది నిండిన పిల్లలున్న ఇంటికి కారు, బీమా: సరిహద్దు జిల్లాల వారు ఎలా ఎంచుకోవాలి

ఒడిశా-ఆంధ్ర సరిహద్దులోని రాయగడలో అయినా పర్లాకిమిడిలో అయినా, ఇంట్లో పిల్లలకు పద్దెనిమిది దగ్గరపడుతుంటే కారు మాట మొదలవుతుంది. దాని వెంటే ఇంకో మాట వస్తుంది: "కుర్రవాళ్లు నడిపితే ఇన్సూరెన్సు తడిసి మోపెడవుతుందట కదా!" ఇది ఎక్కువగా అమెరికాలో ఉన్న చుట్టాలు చెప్పే మాట. అక్కడ కంపెనీలు నడిపే మనిషి వయసు, అనుభవం చూసి ధర కడతాయి కాబట్టి, పిల్లల పేరు పాలసీలో చేర్చగానే ప్రీమియం ఎగబాకుతుంది. మన దేశంలో పద్ధతి వేరు. ఇక్కడ బీమా ప్రధానంగా బండికి. ఇంజన్ ఎంత పెద్దది, బండి విలువ ఎంత, ఎన్నేళ్లది, ఎక్కడ రిజిస్టర్ అయింది, నిరుడు క్లెయిము చేశారా అన్నవే ధరను తేలుస్తాయి. అమ్మాయి నడిపినా, తాతగారు నడిపినా కట్టేది దాదాపు ఒకటే.

అంతమాత్రాన కొత్త చేతి వల్ల ఖర్చు లేదనుకోకండి. అది ప్రీమియం రసీదులో కనబడదు. బంపరు పగిలిన రోజున, క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు (బోనస్) పోయిన ఏడాదిలో, ప్రమాదం జరిగాక ఎవరికి ఎంత వస్తుందని పాలసీ కాగితం తీసి చూసినప్పుడు బయటపడుతుంది. అందుకే కారు ఎంచుకోవడం, బీమా ఎంచుకోవడం ఒకే పనిగా చూడాలి. కింద చెప్పిన వరసలో వెళ్లండి.

1. ముందు వయసు, లైసెన్సు తేల్చుకోండి

కారు నడపడానికి కనీస వయసు 18. పదహారేళ్లకే లైసెన్సు ఇస్తారని చెప్పుకునేది 50 సీసీ మించని మోటారు సైకిళ్ల గురించి. ఇవాళ మన వీధుల్లో తిరిగే పెట్రోలు స్కూటర్లు దాదాపు అన్నీ అంతకు రెట్టింపు పైమాటే. అంటే చట్టం దృష్టిలో కారు నడపగల 'టీనేజి' వయసు 18, 19 ఏళ్లు మాత్రమే.

"ఊరి పొలిమేర దాటనివ్వంలే" అని పదిహేడేళ్ల వాడికి తాళాలు ఇచ్చేవాళ్లు మన దగ్గర తక్కువేమీ కాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 199ఏ సెక్షన్ ఒకసారి చదివితే ఆ చెయ్యి ఆగుతుంది. మైనరు బండి నడిపి నేరానికి పాల్పడితే దోషులు తల్లిదండ్రులు లేదా బండి యజమాని. 3 ఏళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. బీమా సంగతి ఇంకా ఘోరం. మీ బండికి జరిగిన నష్టానికి కంపెనీ పైసా ఇవ్వదు. అవతలి వారికి పరిహారం చెల్లించినా, ఆ సొమ్మును యజమాని నుంచి రాబట్టుకోమని ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునళ్లు చాలా కేసుల్లో కంపెనీకి హక్కు ఇస్తాయి. ఒక మనిషి ప్రాణానికి కట్టే పరిహారం లక్షల్లో ఉంటుంది. ఇల్లు అమ్ముకోవలసి వస్తుంది.

పద్దెనిమిది నిండాక ప్రభుత్వ సారథి పోర్టల్‌లో లెర్నర్ లైసెన్సుకు దరఖాస్తు పెట్టించండి. అది 6 నెలలు చెల్లుతుంది, 30 రోజుల తర్వాత డ్రైవింగ్ పరీక్షకు వెళ్లవచ్చు. లెర్నర్ లైసెన్సుతో నడిపినా కారు పాలసీ పనిచేస్తుంది, కానీ షరతులున్నాయి. పూర్తి లైసెన్సు ఉన్న మనిషి పక్క సీట్లో కూర్చోవాలి, బండికి ముందూ వెనకా తెల్ల పలక మీద ఎర్రటి ఎల్ అక్షరం ఉండాలి. "పెట్రోలు బంకు దాకా నేనొక్కడినే వెళ్లొస్తా" అంటే ఒప్పుకోకండి. ఆ కాస్త దూరంలో గోడకు గుద్దినా క్లెయిము తిరస్కరించడానికి కంపెనీకి అది చాలు.

2. ఇంజన్ సీసీ చూసి కారు వరస గీయండి

థర్డ్ పార్టీ బీమా, అంటే మీ బండి వల్ల అవతలి వారికి జరిగే నష్టానికి ఇచ్చేది, ప్రతి బండికీ తప్పనిసరి. దాని ధరను ప్రభుత్వమే నిర్ణయిస్తుంది కాబట్టి ఏ కంపెనీలో అయినా ఒకటే, బేరం లేదు. 2022 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన రేట్ల ప్రకారం సొంత కార్లకు ఏడాదికి ఇంజన్ 1,000 సీసీ మించకపోతే 2,094 రూపాయలు, 1,000 దాటి 1,500 లోపయితే 3,416, అంతకు మించితే 7,897. వీటి మీద 18 శాతం జీఎస్టీ అదనం. ఈ రేట్లను కేంద్రం అప్పుడప్పుడు సవరిస్తుంది, కొనే రోజున మళ్లీ ఒకసారి చూసుకోండి.

షోరూంలో ఎవరూ విడమరచి చెప్పని విషయం ఇదే. మారుతి ఆల్టో కే10, సెలెరియో 998 సీసీ. రెనో క్విడ్, ట్రైబర్, నిస్సాన్ మాగ్నైట్ 999. ఇవన్నీ మొదటి వరసలో పడతాయి. స్విఫ్ట్, డిజైర్, హ్యుందాయ్ ఐ10 నియోస్, ఎక్స్‌టర్ 1,197 సీసీ. టాటా టియాగో, పంచ్ 1,199. ఇవన్నీ రెండో వరస. వ్యాగన్ఆర్ రెండు ఇంజన్లతోనూ దొరుకుతుంది కాబట్టి ఆర్సీలో ఏది రాసి ఉందో చూడాలి. మొదటి వరసకూ రెండో వరసకూ ఏడాదికి జీఎస్టీతో కలిపి సుమారు 1,560 రూపాయల తేడా. కొత్త కారుకు 2018 సెప్టెంబరు నుంచి థర్డ్ పార్టీ బీమా మూడేళ్లకు ఒకేసారి కట్టాలి. అప్పుడు మొదటి వరసకు 6,521, రెండో వరసకు 10,640.

ట్రైబర్ ఏడుగురు కూర్చునే బండి అయినా 999 సీసీలోనే ఉండటం పెద్ద కుటుంబాలకు కలిసొచ్చే విషయం. బొలెరో 1,493 సీసీ, చూడటానికి ఎంత పెద్దగా ఉన్నా రెండో వరసలోనే ఆగుతుంది. స్కార్పియో వంటివి మూడో వరస. పద్దెనిమిదేళ్ల చేతికి అంత బరువు, అంత వేగం ఇవ్వడం నా ఉద్దేశంలో బీమాతో సంబంధం లేకుండానే తప్పు.

అయితే 1,560 రూపాయలు మిగులుతాయని గుడ్డిగా చిన్న ఇంజన్ తీసుకోకండి. మీరు ఎటు తిరుగుతారో చూడండి. గుణుపురం నుంచి పర్లాకిమిడి, బరంపురం నుంచి ఇచ్ఛాపురం, రాయగడ నుంచి పార్వతీపురం మీ తిరుగుడు అయితే 998 సీసీ పుష్కలం. కొరాపుట్, జయపురం వైపు ఉండి నెలనెలా సుంకి ఘాట్ దిగి సాలూరు, విజయనగరం వెళ్లే కుటుంబమైతే కథ మారుతుంది. ఐదుగురు ఎక్కి, డిక్కీ నిండా సామాను వేసి, వేసవిలో ఏసీ పెట్టి ఆ ఘాట్ ఎక్కేటప్పుడు చిన్న ఇంజన్ ఆయాసపడుతుంది. ముందున్న బాక్సైట్ లారీని దాటాలంటే ఊపు చాలదు. కొత్త డ్రైవరు సగం దాటాక వెనక్కి తగ్గాలా, ముందుకు పోవాలా అని తడబడేది అక్కడే. ఘాట్ దారి తరచుగా ఉన్నవాళ్లు రెండో వరసకే వెళ్లండి. ఏటవాలులో బండి వెనక్కి జారకుండా పట్టే హిల్ హోల్డ్ ఉన్న మోడల్ దొరికితే ఇంకా మంచిది.

ఎలక్ట్రిక్ కార్లకు లెక్క కిలోవాట్లలో. 30 మించకపోతే 1,780, 30 దాటి 65 లోపయితే 2,904 రూపాయలు. టియాగో ఈవీ రెండో వరసలో వస్తుంది. ఊళ్లో కాలేజీకి, బజారుకు తిరగడానికి బాగుంటుంది. ఘాట్ దాటి దూరం వెళ్లే ఇంటికి అదొక్కటే కారుగా నేను సలహా ఇవ్వను.

3. కొత్తదా, పాతదా?

థర్డ్ పార్టీకి పైన ఉండేది సొంత బండి నష్టానికి కట్టే భాగం. రెండూ కలిపితే జనం 'ఫుల్ ఇన్సూరెన్సు' అంటారు. ఈ రెండో భాగం బండి విలువను, అంటే ఐడీవీని బట్టి నడుస్తుంది. షోరూం ధర నుంచి ఆరు నెలల్లోపు బండికి 5 శాతం, ఏడాదిలోపు 15, రెండేళ్లలోపు 20, మూడేళ్లలోపు 30, నాలుగేళ్లలోపు 40, ఐదేళ్లలోపు 50 శాతం తగ్గిస్తారు. ఐదేళ్లు దాటితే మీరూ కంపెనీ ఒప్పుకున్న విలువ.

ఈ పట్టికను కొత్త డ్రైవరున్న ఇల్లు తనకు అనుకూలంగా వాడుకోవచ్చు. మూడు, నాలుగేళ్ల బండి కొంటే ప్రీమియం పడిపోతుంది, మొదటి ఏడాది పడబోయే సొట్టలకూ గీతలకూ మనసు అంత నొచ్చుకోదు. సొట్టలు పడతాయి, అందులో అనుమానం వద్దు. పర్లాకిమిడి బజారు సందుల్లో రివర్సు చేయడం పాతికేళ్ల అనుభవం ఉన్నవాళ్లకే పరీక్ష.

పాతదయినా 2022 జనవరి తర్వాత తయారైనదే చూడండి. అప్పటికి ఏబీఎస్ బ్రేకులు, డ్రైవరుకూ పక్కవారికీ ఎయిర్‌బ్యాగులు, వెనక్కి తీసేటప్పుడు కూత పెట్టే సెన్సర్లు, వేగం 80 దాటగానే హెచ్చరించే ఏర్పాటు అన్ని కార్లకూ తప్పనిసరి అయ్యాయి. అంతకుముందు బండ్లలో తక్కువ ధర మోడళ్లకు పక్క సీటు ఎయిర్‌బ్యాగు లేనివి చాలా ఉన్నాయి. ధర 40 వేలు తక్కువని వాటి వైపు పోకండి.

ఢీకొట్టే పరీక్షల నక్షత్రాలు కూడా చూడండి. టాటా ఆల్ట్రోజ్ 2020లో, పంచ్ 2021లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల రక్షణకు 5 నక్షత్రాలు తెచ్చుకున్నాయి. 2024 చివర్లో వచ్చిన కొత్త డిజైర్‌కూ 5 వచ్చాయి. అదే సంస్థ 2023లో పరీక్షించిన వ్యాగన్ఆర్‌కు 1, ఆల్టో కే10కు 2 మాత్రమే దక్కాయి. 2023 అక్టోబరు నుంచి మన దేశానికే భారత్ ఎన్‌క్యాప్ ఉంది. నక్షత్రాలు ఎక్కువున్నాయని బీమా కంపెనీ ప్రీమియం తగ్గించదు, అది వేరే సంగతి. ఇంటి పిల్ల స్టీరింగ్ పట్టుకునే బండికి 1,560 రూపాయలు ఎక్కువ పెట్టి 1,199 సీసీ పంచ్ తీసుకోవడం, 998 సీసీ ఆల్టో తీసుకోవడం మధ్య నన్ను అడిగితే ఆలోచించకుండా పంచ్ అంటాను. ఆల్టో, వ్యాగన్ఆర్ వంటి చిన్న కార్లకు 2025 నుంచి ఆరు ఎయిర్‌బ్యాగులు ఇస్తున్నారు కాబట్టి, చవక బండే కావాలనుకుంటే వాటిలో పాతది కాకుండా కొత్తది చూడటం మేలు.

ఒక చిన్న లాభం మన ప్రాంతానికి ఉంది. బీమా లెక్కలో హైదరాబాద్, చెన్నై, బెంగళూరు, ముంబయి, కోల్‌కతా, ఢిల్లీ, పుణె, అహ్మదాబాద్ ఏ జోను. మిగతా దేశమంతా బీ జోను, రేటు కాస్త తక్కువ. హైదరాబాద్‌లో ఉన్న మేనమామ చిరునామాతో రిజిస్టర్ చేయిస్తే గౌరవంగా ఉంటుందనుకునేవారు ఆ గౌరవానికి ప్రతి ఏడాదీ కొంత చెల్లిస్తున్నారన్నమాట.

4. ఆంధ్రా బండి కొంటున్నారా?

పార్వతీపురం, విజయనగరం, పలాస, విశాఖలో దొరికే పాత కార్లు ధరలో ఊరిస్తాయి. మంచి బండ్లే ఉంటాయి కూడా. ఏపీ 39 (ఆంధ్రా) నంబరు బండిని ఓడీ 18 (రాయగడ) ఊళ్లో ఏడాదికి పైగా ఉంచుకోవాలంటే మాత్రం చేయవలసిన పని ఉంది. అది చేయకపోతే చిక్కు మీ నెత్తిన పడుతుంది.

డబ్బు చేతులు మారకముందే ప్రభుత్వ వాహన్ పోర్టల్‌లో బండి నంబరు కొట్టి చూడండి. బ్యాంకు అప్పు ఇంకా ఉందా, చలానాలు బాకీ ఉన్నాయా, బీమా ఎప్పటిదాకా ఉందో తెలుస్తుంది. అప్పు ఉంటే బ్యాంకు సంతకంతో ఫారం 35 రావాలి. అమ్మేవారు తమ రవాణా కార్యాలయం నుంచి ఫారం 28తో ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసి ఇవ్వాలి. యాజమాన్యం మార్చే ఫారం 29, 30 మీద ఇద్దరి సంతకాలు ఉండాలి. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి "మీరు నింపుకోండి" అనే దళారీ మాట వినకండి. కొన్న 30 రోజుల్లో మీ ఆర్టీఓకు తెలియజేయాలి. పన్నెండు నెలలకు మించి ఇక్కడే ఉంచుకునే బండికి ఒడిశా నంబరు తీసుకోవాలి, ఇక్కడి రోడ్డు ట్యాక్స్ కట్టాలి. ఆంధ్రాలో కట్టిన జీవితకాల పన్నులో మిగిలిన భాగం వాపసుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అది చేతికందేదాకా లెక్కలోకి తీసుకోకండి. బేరం ఆడేటప్పుడే ఒడిశా పన్ను ఎంతో ఆర్టీఓలో అడిగి, ఆ మొత్తాన్ని బండి ధరకు కలిపి చూడండి. ఆంధ్రా బండి చవక అన్న మాట సగం సార్లు అక్కడే తేలిపోతుంది.

బీమా కాగితం గురించి అందరూ మరిచేది ఒకటుంది. బండి చేతులు మారగానే థర్డ్ పార్టీ భాగం చట్టం ప్రకారం మీకు బదిలీ అయినట్టే. సొంత నష్టం భాగం అలా కాదు. 14 రోజుల్లో కంపెనీకి రాసి పాలసీ మీ పేరు మీదకు మార్పించుకోవాలి. ఆర్సీ మీ పేరున, పాలసీ పాత యజమాని పేరున ఉన్నప్పుడు ప్రమాదం జరిగితే ఇద్దరిలో ఎవరికీ పైసా రాదు. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ కూడా మీకు రాదు. అది మనిషిది, బండిది కాదు. పాలసీ మార్చేటప్పుడు ఆ తగ్గింపు సొమ్ము మీ నుంచి వసూలు చేస్తారు.

బయట షాపులో గ్యాస్ కిట్ పెట్టించిన బండి అయితే అది ఆర్సీలోనూ పాలసీలోనూ ఎక్కిందో లేదో చూడండి.

5. ఎవరి పేరున?

ఇంట్లో ఇదివరకే కారు ఉండి, క్లెయిము లేకుండా ఏళ్లు గడిచి ఉంటే, కొత్త బండి ఆ మనిషి పేరునే కొనండి. నో క్లెయిమ్ బోనస్ మొదటి ఏడాది 20 శాతం, తర్వాత వరసగా 25, 35, 45, 50 దాకా పెరుగుతుంది. పాత కారు అమ్మేటప్పుడు కంపెనీ నుంచి బోనస్ ధ్రువపత్రం తీసుకుంటే మూడేళ్లలోపు కొనే కారుకు వాడుకోవచ్చు. నాన్నగారి 50 శాతం అబ్బాయి పేరున కొన్న కారుకు రాదు. అబ్బాయి సున్నా నుంచి మొదలెట్టాలి. పాలసీ గడువు తీరి 90 రోజుల్లోపు రెన్యువల్ చేయకపోతే ఆ బోనస్ మొత్తం పోతుంది, పండగల హడావిడిలో ఇది చాలామందికి జరుగుతుంది.

నాన్నగారి పేరున కొంటే ఇంకో చిక్కు. పాలసీలో తప్పనిసరిగా ఉండే 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా యజమానికే, అదీ ఆయనకు లైసెన్సు ఉండి, ఆయనే బండిలో ఉన్నప్పుడు. నడుపుతున్న కొడుక్కి అందులో ఏమీ లేదు. తన తప్పు వల్లే ప్రమాదం జరిగితే థర్డ్ పార్టీ కింద కూడా నడిపినవారికి రాదు. ఇంటిల్లిపాదిలో ఎక్కువ ప్రమాదం ఉన్న మనిషికే పాలసీలో ఏ రక్షణా లేకపోవడం! ఏజెంటు చెప్పడు. మీరే అడగాలి. అబ్బాయి లేదా అమ్మాయి పేరు రాయించి వ్యక్తిగత ప్రమాద బీమా చేర్పించండి, లేదా వాళ్ల పేరున విడిగా ఒక ప్రమాద బీమా పాలసీ తీసుకోండి. పేరు లేకుండా ప్రయాణికులందరికీ కలిపి తీసుకునేది మనిషికి 2 లక్షలకు మించదు, నడిపే కుటుంబ సభ్యుడికి అది వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

6. పాలసీలో ఏది కావాలి, ఏది వద్దు

కనీసం మూడు కంపెనీల ధరలు పక్కపక్కన పెట్టుకోండి. సొంత నష్టం భాగంలోనే తేడా ఉంటుంది. ప్రీమియం తగ్గించి చూపడానికి ఐడీవీ కోసేసే అలవాటు కొందరికి ఉంది. మూడు చోట్లా ఒకే ఐడీవీ పెట్టించి అప్పుడు పోల్చండి. మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే బండిని పూర్తి నష్టంగా లెక్కగడతారు, అప్పుడు మీ చేతికొచ్చేది ఆ ఐడీవీయే.

ఐదేళ్లలోపు బండికి జీరో డిప్రిసియేషన్, అంటే భాగాల ధరలో అరుగుదల కోయకుండా ఇచ్చే రక్షణ, తీసుకోండి. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగమే ఇస్తారు. కొత్త డ్రైవరు ముందుగా పగలగొట్టేది ప్లాస్టిక్ బంపరునే. ఏడాదికి ఎన్ని క్లెయిములు ఒప్పుకుంటారో చూడండి, చాలా కంపెనీలు రెండుతో ఆపేస్తాయి.

రోడ్డు మీద సాయం మన ప్రాంతంలో విలాసం కాదు. మామూలు కారు పాలసీలో ప్రమాదం జరిగిన చోటి నుంచి బండిని లాక్కెళ్లడానికి ఇచ్చేది 1,500 రూపాయలు మాత్రమే. ఘాట్ మలుపులో ఆగిన బండిని విజయనగరం తీసుకెళ్లే క్రేను ఆ డబ్బుకు ఇంజను కూడా స్టార్టు చేయదు. ఆ పరిమితి పెంచుకోండి, లేదా దూరం పరిమితి చదివి రోడ్ సైడ్ అసిస్టెన్స్ తీసుకోండి. అలాగే మీ చేత నగదు కట్టించకుండా రిపేరు చేసే ఆ కంపెనీ గ్యారేజీలు మీకు అందుబాటులో ఎక్కడున్నాయో జాబితా తెప్పించుకోండి. మల్కనగిరి, గుణుపురం వంటి చోట్ల ఉండేవారికి ధరకన్నా ఇదే ముఖ్యం.

ఇంజన్ రక్షణ గురించి. తుఫాను, వరద, కొండచరియల నష్టం ఫుల్ ఇన్సూరెన్సులోనే ఉంది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను గజపతి జిల్లాను ఎలా ముంచిందో ఇక్కడివారికి చెప్పనక్కర్లేదు. కానీ నీళ్లలో ఆగిన బండిని మళ్లీ స్టార్టు చేయబోయి ఇంజను పట్టేస్తే మామూలు పాలసీ ఇవ్వదు. కుర్రవాళ్లు చేసేది అదే. వంశధార, నాగావళి ఒడ్డు ఊళ్లలో ఉంటే ఇంజన్ ప్రొటెక్షన్ తీసుకుని, నీళ్లలో ఆగితే తాళం తిప్పొద్దని పిల్లలకు ముందే చెప్పండి.

మిగతా వాటిలో తాళాల బీమా, టైర్ల బీమా వంటివి పాత బండికి అక్కర్లేదు. కారు నెలకు కొన్ని వందల కిలోమీటర్లు దాటదనుకుంటే, నడిపిన దూరాన్ని బట్టి కట్టే పాలసీలను 2022 నుంచి అనుమతించారు, అడిగి చూడండి.

తెల్ల నంబరు ప్లేటు (సొంత వాడకపు) బండిని డబ్బు తీసుకుని తిప్పకండి. ఆసుపత్రి పని మీద విశాఖ వెళ్లే పొరుగువారి దగ్గర డీజిలుకు మించి తీసుకుని పిల్లవాడిని పంపడం మన ఊళ్లలో మామూలే. ఆ ప్రయాణంలో ప్రమాదం జరిగితే కంపెనీ మొదట అడిగేది కిరాయి గురించే.

7. చిన్న దెబ్బలకు క్లెయిము చేసేముందు లెక్క వేయండి

మొదటి ఏడాది ఈ సందర్భం కచ్చితంగా వస్తుంది. తలుపు మీద గీత, షెడ్డులో 6,000 రూపాయలు అడిగారనుకుందాం. 1,500 సీసీ లోపు కారుకు ప్రతి క్లెయిములో 1,000 రూపాయలు మీరే భరించాలి. వచ్చేది మహా అయితే 5,000.

పోయేది చూడండి. మీ సొంత నష్టం ప్రీమియం బోనస్‌కు ముందు 8,000 అనుకోండి. 50 శాతం బోనస్ ఉంటే 4,000 కడుతున్నారు. క్లెయిము చేస్తే వచ్చే ఏడాది 8,000, ఆపై 6,400, తర్వాత 6,000, 5,200, 4,400. ఆరో ఏటికి గానీ మళ్లీ 4,000కు రారు. బండి విలువ మారలేదనుకుంటే ఈ ఐదేళ్లలో ఎక్కువ కట్టేది 10,000 రూపాయలు, జీఎస్టీ వేరు. 5,000 కోసం 10,000 వదులుకుంటామా? తలుపు గీతకు చేతి డబ్బు ఇచ్చేసి, క్లెయిమును పెద్ద దెబ్బకు దాచుకోండి. బోనస్ ఇంకా సున్నా దగ్గర ఉన్న కొత్త యజమానికి ఈ లెక్క అంత బిగువుగా ఉండదు. మీ అంకెలతో మీరే వేసుకోండి.

గీతల ఖర్చును ఎవరు భరించాలన్నది మీ ఇంటి వ్యవహారం. సగం పిల్లల జేబు నుంచి రావాలన్న ఇళ్లలో గీతలు తక్కువ పడటం నేను చూశాను.

8. దెబ్బ తగిలితే

బండిని రాయగడ మజ్జిగౌరి గుడి దగ్గర పూజ చేయించి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించిన రోజునే, పాలసీ నంబరు, కంపెనీ ఫోను నంబరు పిల్లల ఫోనులోనూ డాష్‌బోర్డులోనూ పెట్టించండి. ఆర్సీ, లైసెన్సు, పాలసీ, పొల్యూషన్ సర్టిఫికెట్ డిజిలాకర్‌లో ఉంటే రెండు రాష్ట్రాల్లోనూ చెల్లుతాయి.

ప్రమాదం జరిగితే బండిని కదపకముందే ఫోటోలు తీయాలి, ఎవరికైనా గాయమైతే ముందు 108కి ఫోను చేయాలి, పోలీసులకు చెప్పాలి. సరిహద్దు అవతల జరిగితే అక్కడి స్టేషన్‌లోనే ఫిర్యాదు. కంపెనీకి అదే రోజు తెలపండి, నష్టం లెక్కగట్టే సర్వేయరు చూడకముందు షెడ్డులో పని మొదలుపెట్టనివ్వకండి. అన్నిటికన్నా ముఖ్యంగా, పిల్లవాడు నడిపితే పిల్లవాడు నడిపాడనే రాయండి. లైసెన్సు ఉన్న పిల్లవాడు నడపడం పాలసీకి ఇబ్బందే కాదు. తండ్రి నడిపినట్టు రాసి దొరికిపోతే మాత్రం మంచి క్లెయిము కూడా పోతుంది.

కంపెనీ అన్యాయంగా తిరస్కరించిందనిపిస్తే మొదట వాళ్ల ఫిర్యాదుల అధికారికి రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా, ఏడాదిలోపు ఇలాంటి ఫిర్యాదులు తేల్చే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు. ఒడిశా చిరునామా ఉన్నవారికి ఆ కార్యాలయం భువనేశ్వర్‌లో ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.